రాళ్ల వీధికి సరిపడే చక్రం

దుకాణంలో నేల అద్దంలా ఉంది.
ఇక్కడ ఏ బండైనా మంచిదే.
ఓడీల్ ఒక్కోదాన్నీ చూపుడువేలితో తోసి చూపిస్తున్నాడు,
ఉయ్యాల ఊపినట్టు.
"నూట యాభై కిలోలు మోస్తుంది, ఖోడెలీవ్."
మోస్తుంది సరే,
ఎక్కడ మోస్తుందో చీటీ మీద రాయలేదు.

నా పని కిటికీలు.
గెంట్ ఊళ్లో, కాలువ ఒడ్డున,
నా ముత్తాత కన్నా ముసలివైన ఓక్ చట్రాల్లో
కుళ్లినంత మేర కోసేసి కొత్త చెక్క అతుకుతాను.
వ్యాను వంతెనకి ఇవతలే ఆపాలి.
అక్కణ్నుంచి గుమ్మం దాకా నాలుగు వందల అడుగులు,
లెక్కపెట్టాను.
అడుగడుక్కీ ఒక రాయి,
ఏ రాయి ఎత్తు ఆ రాయిదే,
నిన్నటి వానకి అన్నీ నున్నగా.

అయిదు పెట్టెలు, ఒకదాని మీద ఒకటి.
అడుగున రంపాలూ డ్రిల్లూ, దాని మీద బ్యాటరీలు,
ఆపైన మరలు, బంకలు,
అన్నిటికన్నా పైన తోలుచుట్టలో నా ఉలులు.
క్లిప్పులు టకటకా పడ్డాయంటే అంతా కలిసి ఒకే మనిషి,
నా భుజం దాకా వచ్చే,
చెప్పిన మాట వినని మనిషి.

మా గురువు అర్మాన్ బండి కొనలేదు.
ముప్ఫై ఎనిమిదేళ్లు కుడి భుజమే.
చివరికి అతని కోటుకి దర్జీ
రెండు భుజాలకీ రెండు కొలతలు తీసేవాడు.
మేం నవ్వేవాళ్లం. అతనూ నవ్వేవాడు.
ఆ నవ్వు బాకీ ఇప్పుడు
నా ఎడమ మోకాలు వాయిదాల్లో తీరుస్తోంది.

మొదటి బండి చవక. మడిస్తే చంకలో ఇమిడిపోతుంది.
చక్రాలు నిమ్మకాయలంత, గట్టి ప్లాస్టిక్కు.
"బయట తిప్పి చూస్తా" అన్నాను.
ఓడీల్ ముఖం మాడ్చుకుని తలుపు తీశాడు.
మూడో రాయి దగ్గర చక్రం సందులో దిగబడింది.
పెట్టెల్లో ఇనుమంతా ఒక్కసారి గోలపెట్టింది,
బడి వదిలినట్టు.
ఆ చప్పుడు వింటే చాలు, ఉలి మొద్దుబారుతుంది.

రెండోది నాలుగు చక్రాల పలక. నాలుగూ తలోదారి.
కాస్త వాలు కనబడిందో లేదో
నన్ను అడక్కుండానే కాలువకేసి బయల్దేరింది.
యెల్లె కాలు అడ్డం పెట్టి ఆపాడు,
ఆ తర్వాత కాసేపు ఒంటికాలి మీద గెంతుతూ తిట్టాడు.
నా శిష్యుడు. పందొమ్మిదేళ్లు.
తిట్లన్నీ వాళ్ల అమ్మమ్మ కాలం నాటివి.

మూడోదానికి గాలి టైర్లు, అన్నం పళ్లెమంత.
ఖాళీ బండే పద్నాలుగు కిలోలు.
ధర చూసి మళ్లీ చూశాను, మారలేదు.
లాగితే రాయి ఎక్కింది, రాయి దిగింది,
లోపల ఉలులు నిద్రలేవలేదు.
"పంక్చరయితే?"
"అతుకు వేసుకోవడమే."
నేను బతికేదే అతుకుల మీద. డబ్బు తీశాను.
తగ్గించమంటే ఓడీల్ ఒక పంపు ఇచ్చాడు,
అదీ పాతది.

నాలుగు వందల అడుగులూ వెన్నలో కత్తిలా సాగాయి.
వంతెన మీద ఎవరో ముసలాయన దారి ఇచ్చి,
పెళ్లికూతుర్ని చూసినట్టు బండిని చూశాడు.
గుమ్మం దాటాక మెట్లు.
గొట్టంలా మెలి తిరిగిన మెట్లు, ముప్ఫై తొమ్మిది,
మనిషికి ఒక పెట్టె పట్టేంత సందు.
యెల్లె నా వంక చూశాడు.
ఇది అడగడం మర్చిపోయాం కదా, అన్నట్టు.

మర్చిపోలేదు. అడిగి లాభం లేదని అడగలేదు.
ఏ చక్రానికైనా ఒక చివరి గజం ఉంటుంది,
అక్కడ దించి ఎత్తుకోవాలి.

క్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీశాం.
బండిని గోడకి చేరేసి, టైర్ల బురద తుడిచాను.
రంపాల పెట్టె వాడే ఎత్తాడు,
చులాగ్గా, కుడి భుజం మీదికి,
ఈల వేస్తూ మలుపు తిరిగిపోయాడు.

నేను మెట్ల కింద నుంచే అరిచాను:
"వచ్చే విడత ఎడమ భుజం!"
ఈల ఆగింది.
"ఎందుకు?" అని పైనుంచి గొంతు.

ఉలులు చంకలో పెట్టుకుని
మోకాలిని బతిమాలుకుంటూ మొదటి మెట్టెక్కాను.
దర్జీ సంగతి పైకెళ్లాక చెప్పాలి.