జీడిచేతులు

పలాస శాఖా గ్రంథాలయంలో
బుధవారం మధ్యాహ్నం, కరెంటుంటే, కంప్యూటరు క్లాసు.
పేపర్లు చదివే పెద్దాళ్లు
సణుక్కుంటూ కుర్చీలు జరుపుకున్నారు.

తవిటమ్మ చేతులు కొంగులో దాచుకుని కూచుంది.
ఇరవయ్యేళ్లు పిక్కలు కొట్టిన వేళ్లు.
గీతల్ని జీడి తినేసింది.
రేషను మిషను మీద ఎంత నొక్కినా
"నాను నాను కాదంతాది బాబూ."

మౌసుని పిక్కలా పట్టుకుంది,
చితికిపోతుందేమోనని.
పేరు కొట్టింది. మకారం వత్తు దగ్గర నన్ను పిలిచింది.

"ఇప్పుడు పాస్‌వర్డు. ఎవరికీ చెప్పకూడదు."
"మా ఇంటాయినకీ?"
"నాక్కూడా."

అటు తిరిగి నిలబడ్డాను,
బీరువాలో అట్ట ఊడిన పుస్తకాలు చూస్తూ.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత టక్కు... టక్కు...
ఒక్కో పిక్కా పగులుతున్నట్టు.

తెరమీద ఎనిమిది నల్ల చుక్కలు.
వేలితో తడిమి చూసి అడిగింది:
"దీన్ని జీడి తినీదు గదా?"