అగ్గిపుల్ల సాక్ష్యం

గరివిడి స్టేషను వెనక రేకుల కొట్టులో
తవిటమ్మ ముందు గుడ్డని కొలవదు.
అంచున ఒక పోగు లాగి
పట్టకారుతో పట్టుకుని
అగ్గిపుల్ల గీస్తుంది.
"సూడు బావూ, మంటకాడ ఏ గుడ్డా అబద్ధం ఆడనేదు."

నూలు పోగు కాగితంలా భగ్గుమంది.
ఊదేశాక కూడా కొసన ఒక ఎర్రచుక్క
పైకి నడుస్తూనే ఉంది.
ఉన్ని ముడుచుకుంది, జుట్టు మాడిన కంపు కొట్టింది,
పుల్ల తీయగానే తనంతట తనే ఆరింది.
మూడోది చప్పుడు లేకుండా కరిగింది.
నల్లటి పూస.
చల్లారాక నా అరచేతిలో పెట్టింది,
గట్టిగా, ఆవగింజంత.

ఆ పూస నాకు తెలుసు.
రొంగలి ఎర్నాయుడి మోచేతి కింద
చర్మంలో పదకొండు ఉన్నాయి అలాంటివి.
మాంగనీసు కొలిమి తలుపు తీసిన రాత్రి
పడింది ఒక్క నిప్పురవ్వే.
మిగతాదంతా చొక్కా చేసింది.

ఆ చొక్కాల బిల్లు మీద సంతకం నాది.
మీటరుకి నలభై రూపాయలు మిగిల్చాను.
ముడత పడదు, తొందరగా ఆరుతుంది, రంగు పోదు
అని పక్కన పచ్చసిరాతో రాశాను కూడా.
అన్నీ నిజాలే.

ఈసారి సంచిలో వేరే ముక్కలు తెచ్చాను.
మందు పట్టించిన నూలు బాగానే ఆరింది.
తవిటమ్మ దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి
సోడా వేసి, బండకేసి
ఇరవైసార్లు ఉతికి తెచ్చి మళ్ళీ గీసింది.
మంట పోగంతా పాకింది.
"మందు నీల్లల్లో పోనాది.
సాకిరేవుకి తెలుస్తాదేటి కొలిమి సంగతి?"

ఆఖరిది మురికిపసుపు రంగు గరుకు గుడ్డ, అరామిడ్.
పుల్ల అయిపోయింది, ఆవిడ వేలు చురుక్కుమంది.
పోగు నల్లబడి అలాగే నిలబడింది.
కరగలేదు, కారలేదు.
ధర అడిగింది, చెప్పాను.
మిషను చక్రం మీద చెయ్యి కాసేపు ఆగింది.
"దారం కూడా ఇదే రకం తే.
సొక్కా ఉండి కుట్టు కరిగితే ఏటి లాభం?
లోపల నైలాను బనీను ఎయ్యద్దని సెప్పు ఆల్లకి."

రేపు ఆఫీసుకి కాగితం పెట్టాలి.
ఇంత ఎక్కువా అంటారు, ఎందుకూ అంటారు.
కారణం అన్న గడిలో
ఆ పూసని గుండుసూదితో గుచ్చబోయాను.
సూది వంగింది.
టేపు వేసి అంటించాను,
సరిగ్గా నా సంతకం పడే చోట.