నూట నలభై కిలోల గుమ్మడి

మంగళవారం తెల్లారకముందే
లారీని బల్లకట్టు ఎక్కించాలి.
ఏడు దాటితే రిబేరా నది మీద మంచు విచ్చుకుంటుంది గానీ
బడి వంటమనిషి క్లెయూజా మొహం విచ్చుకోదు.

ఈ వారం చీటీ:
అరటి అరవై కిలోలు, కర్రపెండలం ఎనభై,
గుమ్మడి నూట నలభై.
కాయ ఒక్కోటి మూడు కిలోలు మించకూడదట,
వాళ్ళ కత్తులు చిన్నవట.
గుమ్మడికి ఎవరు చెబుతారు?
రాత్రికి రాత్రి వాన పడితే చాలు
పొద్దున ఆకు కింద దూడలా పడుకుని ఉంటుంది.

ఇదివరకు దళారి వచ్చేవాడు.
కాయను వేలితో మీటి "నీరు పట్టింది" అనేవాడు,
మీటకముందే ధర అనుకుని వచ్చేవాడు.
ఏ రోజు డబ్బు ఆ రోజు చేతిలో పెట్టేవాడు,
అది మాత్రం ఒప్పుకోవాలి.
బడివాళ్ళు మీటరు.
తూస్తారు, రాస్తారు, నాచేత సంతకం పెట్టిస్తారు,
డబ్బు రెండు నెలలకు వస్తుంది.
ఆ సంతకం కోసమే యాభై ఎనిమిదో ఏట
నా పేరు నేను రాయడం నేర్చుకున్నాను:
జెనైదీ.
చివరి అక్షరం ఇప్పటికీ గీత దాటి పాకుతుంది.

జులైలో బడికి సెలవులు.
తీగకు లేవు.
నిరుడు పందులకు వేశాం, చుట్టాలకు పంచాం.
ఎర్మెలిందో ఇంటి మెట్ల మీద రెండు పెట్టి వస్తే
చీకట్లో మోసుకొచ్చి
మళ్ళీ మా మెట్ల మీదే పెట్టిపోయాడు.

ఇంట్లో మనవడు జోసియెల్ గుమ్మడి ముట్టడు.
అన్నంలో నలిపి దాచినా
వేలితో ఏరి కంచం అంచున గట్టు వేస్తాడు.
నా మొండితనానికి కూడా మనవడే.

నిన్న బడి నుంచి వచ్చి సంచి విసిరేసి
"అవ్వా, ఇవాళ నారింజరంగు కూర పెట్టారు,
రెండుసార్లు వేయించుకున్నా.
నీకు రాదేమో, క్లెయూజాను అడిగి నేర్చుకో" అన్నాడు.

పొరుగింటి పుల్లకూర సంగతి విన్నదే.
నా కూరే పొరుగింటికి పోయి
రుచి తెచ్చుకుంటుందని తెలీదు.
ఆ కాయ ఏ సాలులో కాసిందో,
ఏ వైపు నేలకు ఆని తెల్లమచ్చ పడిందో
చెప్పగలను.
చెప్పలేదు.
పేరు చెబితే మానేస్తాడు.
ఆ మాత్రం వ్యాపారం నాకూ వచ్చు.

ఇవాళ తూకం దగ్గర అడిగాను, ఎలా వండావని.
"వెల్లుల్లి ముందు. ఉప్పు చివర. తొందరపడకు" అంది
నా వైపు చూడకుండా.
అప్పుడే ఒక కాయ మూడున్నర తూగింది.
కలం కాసేపు గాలిలో ఆగింది.
మూడు అని రాసింది.
అరకిలో నాకు నష్టం.
ఎవరి కంచంలో పడుతుందో తెలుసు గనక
నోరు మూసుకుని
గీత దాటేలా సంతకం పెట్టాను.