రైటాఫ్ రిజిస్టరు

స్టోరు రూము తాళం
కొబ్బరినూనె పోస్తే గానీ తిరగలేదు.
రేపు ఆడిట్టు.
బంతులు ఏడు. గాలి ఉన్నది ఒక్కటీ లేదు.
బూట్లు పదకొండు జతలని పాత లెక్క.
దొరికినవి తొమ్మిది జతలూ, ఒక ఎడమ బూటూ.

లేని జతను ఏసుపాదం
పోలీసు సెలెక్షన్లకు వేసుకుపోయినాడు.
ఉద్యోగమొచ్చింది, బూట్లు రాలేదు.

చిత్తూరు నుంచి గుడియాత్తానికి
బెల్లం లోడు లారీ మీద పోయినాం ఆ పొద్దు.
దిగేసరికి జెర్సీల నిండా చీమలు.
ఆడతా గోక్కుంటా, గోక్కుంటా ఆడతా,
ఒకటికి ఒకటి.
ఇంక రెండు నిమిషాలుందనగా
గజపతి కుడికాలు బురదలో దిగబడింది.
బూటు వదిలేసి
వట్టి కాలితోనే తన్నినాడు.
అరవంలో తిట్టినోళ్ళే
అరవంలో చప్పట్లు కొట్టినారు.

ఓడిపోయి ఆగిపోలేదు మేము.
దొరస్వామి సారు రిటైరయినాడు,
ఆ కుర్చీ ఎవరికీ ఇయ్యలేదు.
అంతే.
మరుసటేడు గోలుపోస్టుల నడుమ
హాస్టలు పిల్లోళ్ళ లుంగీలు ఆరినాయి.
ఆ తర్వాతేడు ఆ ఇనుమునే కోసి
సైకిలు స్టాండుకు అతికించినారు.
రోజూ నా స్కూటరు
ఏ పోస్టుకు ఆనుతుందో
నాకొక్కడికే తెలుసు. అప్పుడు
లెఫ్ట్ బ్యాకును, ఇప్పుడు గుమాస్తాను.

చివరి గడి:
వస్తువు పోయిన కారణం.
'శిథిలము' అని రాయమన్నాడు సూపరింటెండెంటు.
అన్నిటికీ అట్లే రాసినా.
ఆ ఒక్క కుడి బూటుకు మాత్రం
గుండ్రంగా, గడి దాటకుండా
'గోలు' అని రాసి
సంతకం పెట్టినా.