ఒక్క చుక్క

గాలయ్యా, కూసో.
ఆ కాలిన మోటరు జర పక్కకు జరుపు, మసి అంటుతది.
తాడుపత్రులు కుట్టే నీ దుకాణాన్ని
నువ్వు గూడ ఫోన్ల పెడ్తనంటున్నవు.
పెట్టు.
నేను పెట్టి రెండేండ్లాయె,
దెబ్బలు తిన్నోని లెక్క చెప్త, ఇను.

ఎదురుంగ రీచార్జి దుకాణం నౌషీన్
పావుగంటల పెట్టిచ్చింది నా పేరు:
ముత్తిలింగం మోటర్ వైండింగ్, దేవరకొండ.
మ్యాపుల ఎర్రగ మొలిచింది గుర్తు
కందిచేన్ల ఒంటి మిరపపండు లెక్క.
సంబరపడ్డ.
సంబరం నాలుగు దినాలే.
అది పడ్డది నా రేకుల షెడ్డు మీద గాదు,
ఎనక గల్లీల కోళ్ల ఫారం మీద.
డిండి నుంచి మోటరేసుకొచ్చిన ట్రాలీ ఆటో
మూడు చుట్లు తిరిగి, కోళ్లను బెదిరిచ్చి
ఇంకో మిస్త్రీ తాన దించిపోయింది.
అందుకే గాలయ్యా,
నీ గుర్తు కాడికి నువ్వే ఒకపారి నడువు
తొవ్వ తెల్వని పొరుగూరోని లెక్క.

తెరిచుండే యాల అడిగితే
గొప్పకు పోయి ఇరవై నాలుగు గంటలని నొక్కిన.
లో వోల్టేజీకి మోటర్లు కాలేది రాత్రిపూటనే గద!
మా ఆమె ఫోన్‌ను బియ్యం డబ్బల పెట్టి మూతేసింది.
బియ్యం కింద నుంచి గూడ మోగింది.

ఫొటో అంటే తెల్వక
పెండ్లినాటి సూటు ఫొటో పెట్టిన.
"చాచా, సూటు చూసి ఎవలన్న మోటరిస్తరా"
అని నవ్వి, నౌషీన్ నా చేతులను తీసింది.
వార్నిష్ ఎండిన గోర్లు,
జడ అల్లినట్టు కుదురుగ పడ్డ రాగితీగె.
చందంపేట నుంచి మొదటి ఫోను
ఆ చేతులను చూసే వచ్చింది.

రేకు బోర్డు రాసిన పెయింటరు
సున్నకు కొమ్ము పెట్టి ఆరు జేసిండు.
ఎనిమిది నెలలు నా గిరాకి
హాలియాల ఎవరో టైలరమ్మకు మోగింది.
బోర్డు మీద నంబరు, ఫోన్ల నంబరు
పక్కపక్కన పెట్టి చదువు, ఏలు పెట్టి.

ఇగ ఒకడు, యాడ్నుంచో,
నీ పేరు అందరికంటె పైకి తెస్త, మూడువేలు కొట్టుమన్నడు.
కొట్టిన.
పైకి పోయింది వాడు.
ఓటీపీ అడిగెటోడు గిరాకి గాదు,
నీ కుట్టుమిషన్ మీద సుద్దతోని రాసుకో.

గని అసలు ముచ్చట చుక్కలది.
ఐదుంటయి, నచ్చిన కాడికి నొక్కుతరు.
నాకు మొట్టమొదట పడ్డది ఒక్కటి.
పేరు బుచ్చాలు, నేరెడుగొమ్ము.
మూడు దినాలు బువ్వ గొంతు దిగలె.
ఆయన మోటరు నాకు యాదికుంది:
బేరింగు అరిగింది, తీగె బొగ్గయింది,
తెల్లారేదాక కూసోని చుట్టిన.
తిట్టు రాయబోతే నౌషీన్ ఫోన్ గుంజుకుంది,
"రాయకు చాచా, అడుగు."

అడిగిన. "బుచ్చాలన్నా, ఏం తక్కువ చేసిన?"
అటు దిక్కు నీళ్ల చప్పుడు.
"తక్కువేంది ముత్తిలింగం!
నువ్వు ఒకటో నంబరు మిస్త్రీవి.
మనుమడు ఫోనిచ్చి నొక్కుమంటే
అందుకే ఒకటోదాన్ని నొక్కిన.
గట్టిగ, రెండుపార్లు."

మార్చుమనలె నేను.
కింద జవాబు రాయిచ్చిన:
అన్నకు దండం. మల్ల మొరాయిస్తే పట్కరా,
చుట్టినదానికి ఏడాది పూచి నాది.
ఎంతమందో ఆ జవాబు చదివే వచ్చిన్రు,
చుక్కలు లెక్కవెట్టి గాదు.

చుక్కంటే ఏంది గాలయ్యా,
ఎనిమిది వందల ఫీట్ల కింద నుంచి
గాలి కక్కి, బురద కక్కి
పైపు మూతికాడ తొంగిచూసేది గూడ
మొదలు ఒక్కటే.

సరే, ఇటియ్యి ఫోను.
ముందుగాల ఒకటి చెప్పు,
మద్యాన్నం బువ్వకు పోయి పంటవా, పండవా?
నిజం చెప్పు.
గదే నొక్కుదం.