నాలుగు గళ్ళు

అల్ రాయ్ శుక్రవారం సంతలో
పాత కార్పెట్ల వరస దాటినాక
ఒక ముసలాయన పరిచిన దుప్పటి మీద
రిమోట్లు, తెగిన చార్జర్లు, ఒంటి బూటు,
వాటి నడుమ బూడిదరంగు గేమ్ క్యాసెట్.
బొమ్మ చిరిగిపోయి కత్తి మొన మాత్రం మిగిలింది.
అర దినారు అన్నాడు.
ఇరవయ్యారేళ్ళ కువైట్‌లో
నేను బేరమాడకుండా కొన్నది ఇదే.

సాల్మియాలో బాబా ఇంట్లో డ్రైవరుగా చేరిన కొత్త.
బదర్‌కి పదకొండేళ్ళు.
కారు షెడ్డులో అన్నలు వదిలేసిన చిన్న టీవీ పెట్టి
"సదీక్, రా" అని పిలిచేవాడు.
ఆటంతా జపాన్ భాష.
వాడికీ రాదు, నాకూ రాదు.
పైనుంచి మొదటి గీత దెబ్బ, మూడోది మందు,
అన్నిటికన్నా కిందిది పారిపోవడం.
కంటిగుర్తు మీదే రాజ్యాలు దాటినాం.
అకామా కాగితాలు కూడా తర్వాత అట్లనే చదివినా,
ఏ మూల తేదీ, ఏ మూల ముద్ర అని.

నలుగురు వీరులు, ఒక్కొక్కరి పేరుకి నాలుగు గళ్ళు.
ఒక మూల ఇంగ్లీషు అక్షరాలుండేవి.
బదర్ అని రాస్తే కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.
మందులు వేసే వైద్యుడు మిగిలాడు.
"నీ పేరేంది?" అన్నాడు.
ఓబులేసు అన్నా. పట్టలేదు.
ఓబుల్ దగ్గర గళ్ళు అయిపోయినాయి.
పెద్దలు డ్రైవర్ అనీ, వంటామె హే అనీ పిలిచే ఆ ఇంట్లో
నా పేరు సగానికి పైగా ఒక చోట రాసి ఉండేది.

వైద్యుడు ఊరికే చచ్చేవాడు.
గబ్బిలం తాకినా చచ్చేవాడు.
కొత్త కత్తికని కూడబెట్టిన నాణేలన్నీ గుళ్ళో కట్టి
వాణ్ణి లేపుకొచ్చేవాడు బదర్, ప్రతిసారీ.
"వదిలేయ్ బాబూ, ముగ్గురితో పోదాం" అంటే
నా వైపు అదోరకంగా చూసేవాడు.

సత్రం ఒకటుండేది. ఎనిమిది నాణేలు.
తెర చీకటై, నాలుగు స్వరాలు మోగి
తెల్లారేసరికి ఒంటి మీద గాయం ఉండేది కాదు.
ఇప్పుడు అబ్బాసియాలో ఆరుగురి గదిలో పైమంచానికి
నెలకు పాతిక దినార్లు కడుతున్నా.
లేచేసరికి నడుము నొప్పి నాకన్నా ముందే లేచి కూర్చోనుంటుంది.

బావి పక్కన ఒక ముసలామె.
ఎన్నిసార్లు పలకరించినా ఒకే మాట.
ఉత్తరాన గుహ ఉందనిందో,
కూరలో ఉప్పు తక్కువైందనిందో
నాకు ఈరోజుకీ తెలీదు.

మా గదిలో మస్తాన్‌వలిది సెల్లు రిపేరీ పని.
క్యాసెట్ విప్పి మీటరు ముల్లు ఆనించాడు.
"దాచిన ఆటలన్నీ ఈ బిళ్ళ బ్యాటరీ మీదే మామా.
చావడానికి వచ్చింది.
మార్చబోయి చెయ్యి వణికిందంటే అన్నీ పోతాయి.
మార్చకపోయినా పోతాయి."

అంగట్లో మూలన పడున్న మిషన్ తెచ్చి పెట్టినాం.
నా ఆట కాదు. ఎట్లా అవుతుంది.
ఎవరిదో, అరవయ్యొక్క గంటల ఆట.
చివరి కోట గడప ముందర ఆపేశాడు.
సంచిలో తొంభై తొమ్మిది మందు సీసాలు,
ఒక్కటీ విప్పలేదు.
మేమూ అంతే. రాబోయే పెద్ద దెబ్బకని దాచి దాచి,
ఆ దెబ్బ పడేనాటికి బడులు తెరిచినారు.

పోయినేడు మంగాఫ్ సిగ్నల్ దగ్గర
గడ్డం పెంచిన ఒకడు పక్క బండి అద్దం దించి
"ఓబుల్!" అని అరిచినాడు.
నేను తల తిప్పేలోగా పచ్చలైటు పడింది.
వెనక హారన్లు.

మస్తాన్‌వలి ఇనుము వేడి చేసి కూర్చున్నాడు.
"చెప్పు మామా, మార్చేదా?"
ఉండనీరా కొంచేపు అన్నా.

కోట ముందర ఆ నలుగురూ,
ఎవరు పెట్టిన పేర్లో,
లోపలికి పోకుండా, వెనక్కి రాకుండా,
నిలబడిన చోటే కాళ్ళాడిస్తూ ఉన్నారు.