కొమ్ము విరిచిన నీరు

ముసఫ్ఫా క్యాంపులో మా గదికి ఎనిమిది మంచాలు.
కింది మంచం నాది, పై మంచం ఆత్రం జల్పత్‌ది.
పగలు ఇద్దరం ఒకే స్కాఫోల్డింగు మీద
ఒకే హిందీని ముక్కలు చేసి వాడుకుంటాం:
పకడో, ఛోడో, జల్దీ, ఖలాస్.
రాత్రి రెండింటికి మాత్రం
నా నెత్తి మీది ప్లైవుడ్ చెక్క
నాకు తెలియని భాషలో మాట్లాడుతుంది.

మొదట్లో విసుక్కున్నాను. చెక్కను గుద్దాను కూడా.
తర్వాత తెలిసింది,
కెరమెరి అవతలి గూడెంలో వాళ్ల ముసలమ్మ పోయిందని,
ఫోనులో కొలామీ మాట్లాడటానికి
ఇక అతనికెవరూ మిగల్లేదని.
మెలకువలో చోటు దొరకని మాటలు
నిద్రలో దిగుతున్నాయి,
నల్లా బంద్ చేశాక పైపులో మిగిలిన నీళ్లలా.

మాది ఖానాపూర్.
మా కొట్టు ముందు కొలాములు వెదురు తట్టలు దించితే
వాళ్ల మాటను వెక్కిరించిన పిల్లల్లో
నేనొకణ్ని. ఆ సంగతి జల్పత్‌కు చెప్పలేదు.
చెప్పకుండానే ఒక శుక్రవారం అడిగాను:
"రోజుకో మాట నేర్పుతావా?"

నన్నూ, నా చేతిలోని సీసానూ చూశాడు.
"ఈర్," అన్నాడు.
టైంకార్డు వెనక రాసుకున్నాను.
నీరులోంచి ముందున్న నకారం జారిపోయి
చివరి కొమ్ము విరిగిపోతే
మిగిలింది ఈర్.
ఇంత దగ్గరి మాట మీదికేనా
అంత దూరం నుంచి నవ్వు విసిరింది!

నిప్పు కిస్. చేప కయె. చెట్టు మాక్.
చూపించడానికి క్యాంపులో చెట్టు లేదు;
గేటు దగ్గరి సెల్ టవరుకు
ప్లాస్టిక్ ఖర్జూరపాకులు తొడిగి నిలబెట్టారు.
దాన్నే చూపించి "మాక్" అన్నాడు,
ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

సముద్రాన్ని ఏమంటారని అడిగినప్పుడు మాత్రం
కంచంలో చెయ్యి ఆగింది.
"ఎన్నడూ అవసరం పడలే," అన్నాడు చాలాసేపటికి.
"ముసలమ్మకు తెలుసేమో. నేనడగలే."

అతని బిడ్డ అర్చన ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి.
నాన్న కొలామీలో అడిగితే తెలుగులో జవాబిస్తుంది,
"పో నాన్నా, సిగ్గు" అంటుంది.
ఆ సిగ్గులో నా పాత నవ్వు వంతెంతో
లెక్క కట్టే ధైర్యం నాకు లేదు.

మొన్న ఫోను లాక్కుని నేనే మాట్లాడాను:
"అర్చనా, ఇయ్యాల మా కూరల కయెలు!"
అవతల కాసేపు చప్పుడు లేదు.
తర్వాత హాస్టలు వరండా అంతా వినబడేలా
పకపకా నవ్వి,
"కయెలు కాదు కాకా, కయెల్!
ఆ కొమ్మెందుకు ఆడ?" అంది.
మళ్లీ తప్పు పలికాను. మళ్లీ దిద్దింది.
మూడోసారి కావాలనే తప్పు పలికాను.

దిద్దుతూ దిద్దుతూ ఆ పిల్ల
ఎప్పుడు తెలుగు దాటి పోయిందో తనకే తెలియదు.
పక్కన జల్పత్, బకెట్టు బోర్లించి కూర్చుని,
ఊపిరి చప్పుడు కూడా అడ్డం రాకుండా వింటున్నాడు.

"సముద్రాన్ని ఏమంటరు బిడ్డా?"
ఆగింది. పక్కనున్న ఎవరినో కేకేసి అడిగింది.
వాళ్లకూ తెలియదట.
సెలవులకు పోయినప్పుడు సున్గుబాయి అవ్వనడిగి చెప్తానంది,
అవ్వకు చెవులు వినబడవు, గట్టిగా అడగాలె అని
ఇంకేదో చెప్పబోతుంటే
కార్డు అయిపోయింది.

టైంకార్డు వెనక
సముద్రం పక్కన గీత గీసి ఖాళీ ఉంచాను.
పొద్దున ఫోర్‌మన్ దాన్ని ఓవర్‌టైం అనుకుని
సంతకం పెట్టాడు.